బీరప్ప పొట్టేలుకు లొంగని కత్తెర

గొర్రెలకు చీముగడ్డలు అంటించింది మీరే, ఆఫీసర్లూ! ఒంట్లో దాగిన గడ్డను పసిగట్టే కత్తెర వచ్చాక కూడా మండలానికి ఒక్కటే ఇచ్చారు.

ఈరోజు అది కురుమ సాయవ్వ చేతికొచ్చింది. ఆనవాయితీగా ముందు కులదైవం బీరప్ప పేర వదిలిన పొట్టేలుకే ఉన్ని తీయాలి. మెడకు ఆనించగానే కత్తెర ఎర్రబడి నోరు మూసుకుంది.

"ఏందే మరదలా, నీ కత్తెరకు దేవుడంటే భయం లేదా?" అన్నాడు బావ కొమురెల్లి.

"దేవునికి మొక్కుతది బావా, చీముకు మొక్కది. దీని మెడ లోపల గడ్డుంది. దీనికి తీసిన పాత కత్తెరతోనే ఇన్నేండ్లు గొర్రెపిల్లలకూ తీసి అంటించినం గదా!"

పొట్టేలును వేరే దొడ్లో కట్టి, ముందు పిల్లలకు తీసింది. ఒక్కోదాని తర్వాత కత్తెర తనంతట తానే మందునీళ్లలో మునిగి కడుక్కుంటుంటే, కొమురెల్లి దానికే దండం పెట్టాడు.

సగం మంద మిగిలుండగానే కత్తెరను మరో ఊరికి తీసుకెళ్లడానికి ఆఫీసు జీపు వచ్చింది. సాయవ్వ పిడికిలి విప్పలేదు.

"మిగిలినవాట్ల ఏ మెడల గడ్డుందో మాకెట్ల తెలుస్తది సారూ? మందకొక్క కత్తెర ఇయ్యుండ్రి. ఇయ్యాలనే ఇయ్యుండ్రి!"