ఎవరి ముఖమూ చూడని ప్రొఫెసర్

"నాకు పిల్లలందరూ సమానమేనండీ. ఎవరి ముఖమూ చూసి పాఠం చెప్పను," అన్నాడు ప్రొఫెసర్, యూనివర్సిటీ ఫిర్యాదుల విభాగంలో కూర్చుని. నిజమే, ఆయన చూసేది బోర్డు ముఖమే.

ఆయన మీద ఫిర్యాదు చేసి ఎదురుగా కూర్చున్న అమ్మాయికి వినికిడి లేదు; పెదాల కదలిక చూసి పాఠం అర్థం చేసుకుంటుంది. ఏడాదంతా ఆయన వీపే చూసి, పరీక్ష తప్పి, తనదే మట్టిబుర్ర అనుకుంది. "ఇది వివక్షే పిల్లా!" అంటూ హాస్టల్లోని సీనియర్ అక్క ఇక్కడికి లాక్కొచ్చింది.

"ఇటు తిరిగి చెప్పమని ఈ అమ్మాయి అడిగిందా?" అంది అధికారిణి.

"అడిగింది. ఒక్కదాని కోసం తిరిగితే మిగతావాళ్లకి అన్యాయం కదండీ?"

"అబ్బో! మీ వీపంటే వాళ్లకి అంత మోజా?"

అధికారిణి పెదాలనే చూస్తున్న అమ్మాయి ఫక్కున నవ్వింది. ఆ నవ్వుతోనే కళ్లు తుడుచుకుంది.

"మేడమ్, నాకు మళ్లీ పరీక్ష పెట్టించండి. ఈసారి పాఠం చెప్పాక."