ఛార్జింగ్ అయిపోయే టాబ్లెట్

గాలిలోంచే కరెంటు తాగే బ్యాటరీలు వచ్చాక "ఛార్జింగ్ అయిపోతోంది, ఉంటా మరి" అనే మాట లోకంలో వినపడడం మానేసింది. కాకినాడలో అనసూయమ్మ నోట మాత్రం మిగిలింది. ఆవిడ పాత టాబ్లెట్ బ్యాటరీ ముసలిదైపోయి, పప్పు ఉడికేలోపే ఆరిపోయేది. ఆవిడకు కావలసిందీ అదే. రోజూ అందులో వీడియో కాల్ చేసే ఆడపడుచు రాజ్యలక్ష్మి ఊపిరి తీసుకోని మనిషి. పెద్దావిడ మాట్లాడుతుంటే మధ్యలో పెట్టేయడం మర్యాదా?

ఓ రోజు భర్త సూర్యారావు ఆ టాబ్లెట్ పట్టుకుని మురిసిపోతూ వచ్చాడు. "దీనికీ కొత్త బ్యాటరీ వేయించానే. ఇంక జన్మలో ఆరదు."

అనసూయమ్మ గుండెల్లో రాయి పడింది.

మర్నాడు పొద్దున్నే వదినగారు తెర మీద ప్రత్యక్షమైంది. మోకాళ్ల నొప్పులు, కోడలి పెత్తనం, పనసపొట్టు ధర అన్నీ గబగబా చెప్పేసి, టక్కున ఆగింది.

"ఇంకా ఆరిపోలేదేంటే?"

"మీ తమ్ముడు కొత్త బ్యాటరీ వేయించారు వదినా. ఇంక ఆరదంట."

రాజ్యలక్ష్మి హమ్మయ్య అంటూ కుర్చీలో వెనక్కి వాలింది. "ముందే చెప్పొద్దూ! ఎక్కడ ఆరిపోద్దోనని ఇన్నాళ్లూ రొప్పుకుంటా చెప్పాను."

ఆ తర్వాత ఆవిడ పెద్దగా మాట్లాడలేదు. చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ కూర్చుంది. ఇటు అనసూయమ్మ గోంగూర ఆకు తుంచుతూ కూర్చుంది. గోంగూర అయిపోయినా లేవబుద్ధి కాక, రేపటి తోటకూర కట్ట కూడా దగ్గరకు లాక్కుంది.