చలిగాడు

మండుటెండలో స్వెటర్ వేసుకుని వరుసలో నిలబడ్డాడు ఫైర్ స్టేషనులో కొత్తగా చేరిన మనిషి.

మిగతావాళ్ళు కిసుక్కున నవ్వారు.

"ఏంటయ్యా ఆ వేషం? ఒంట్లో బాగాలేదా?" అన్నాడు ఆఫీసరు.

"బాగానే ఉంది సార్. చలేస్తోంది."

"ఈ ఎండకా?"

"నాకెప్పుడూ చలే సార్."

"సరైన చోటికే వచ్చావు తమ్ముడూ! మా దగ్గర వేడికేం కరువు లేదు," అన్నాడు ఫైరింజను డ్రైవరు.

ఆ రోజు నుంచి అతని పేరు చలిగాడు.

ఎక్కడివాడో, ఎవరి తాలూకో ఎవరికీ తెలియదు. టీ గ్లాసు చురుక్కుమంటే చెయ్యి వెనక్కి తీసుకోకుండా, అదేదో వింతలా వేళ్ళవంకే చూసుకునేవాడు. అందరూ తన మీద జోకులేస్తుంటే తనూ నవ్వేవాడు.

ఆఫీసరు ఒంటరిగా కనిపిస్తే మాత్రం దగ్గరికి వెళ్ళేవాడు.

"సార్, మీతో ఒక మాట చెప్పాలి."

"సెలవు కావాలా?"

"కాదు సార్."

"అయితే తర్వాత చూద్దాం."

ఆ తర్వాత అనేది ఎప్పుడూ రాలేదు.

ఒకరోజు కలప అడితికి నిప్పంటుకుంది. అందరూ గొట్టాలు పట్టుకుని ఉరుకులు పరుగుల మీద ఉన్నారు. చలిగాడు తన గొట్టం కింద పడేసి, మంటకు ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పెదవులు కదులుతున్నాయి.

అతనున్న వైపు మంట తగ్గుముఖం పట్టింది.

ఆఫీసరుకు కనిపించింది కింద పడున్న గొట్టం ఒక్కటే.

"మేమంతా ప్రాణాలకు తెగించి చస్తుంటే, నువ్వు నిలబడి జపం చేస్తావా?" స్టేషనుకు రాగానే విరుచుకుపడ్డాడు.

"సార్, ఆ మాట ఇప్పుడైనా చెప్పనివ్వండి..."

"నీ మాటలు నాకొద్దు. పిరికివాడికి నా స్టేషనులో చోటు లేదు. రేపట్నుంచి రాకు."

చలిగాడు యూనిఫాం నీటుగా మడతపెట్టి బల్ల మీద ఉంచాడు. గుమ్మం దగ్గర కాసేపు ఆగాడు.

ఆఫీసరు తలెత్తలేదు.

మర్నాడు ఫోన్ మోగింది. బట్టలు కుట్టే కంపెనీలో మంటలు. ఆఫీసరు కూతురు పనిచేసేది అక్కడే.

ఫైరింజను చేరేసరికే మెట్లదారి మూసుకుపోయింది. పై కిటికీలోంచి కూతురు చెయ్యి ఊపుతోంది.

ఆఫీసరు ఆ కిటికీ వంకే చూస్తూ నిలబడిపోయాడు. ఆ పిల్ల పసిగుడ్డుగా ఉన్నప్పుడు, దాన్ని గుండెలకు హత్తుకుని ఇలాగే ఒక వీధిలో నిలబడ్డాడాయన. ఎదురుగా తగలబడుతున్న ఇంట్లో ఆయన భార్య ఉంది. తను చేరాల్సినచోటికి చేరలేకపోయిన ఆ రోజు తర్వాతే ఈ ఉద్యోగంలో చేరాడు.

"నిచ్చెన వెయ్యండ్రా!"

"అందట్లేదు సార్!"

అంతలో జనాన్ని తోసుకుంటూ ఒకడు లోపలికి పరుగెత్తాడు.

"ఒరేయ్ చలిగా, ఆగరా! ఒంటిమీద కోటు కూడా లేదురా!" డ్రైవరు గొంతు పగిలేలా అరిచాడు.

అతను వినలేదు.

మెట్ల మీది మంటలు రెండు పక్కలకూ ఒదిగాయి. ఆ సందులోంచి కూతురు దగ్గుకుంటూ, తడబడుతూ కిందికి వచ్చి తండ్రి చేతుల్లో పడింది.

వెనకే మంటలు మళ్ళీ ఒక్కటయ్యాయి.

అతను రాలేదు.

సాయంత్రం ఆసుపత్రిలో, కూతురి మంచం పక్కన కూలబడ్డాడు ఆఫీసరు.

"పిరికివాడని వాణ్ణి నేనే గెంటేశానమ్మా," అన్నాడు. "నోరు తెరవనిచ్చానా? కనీసం వాడి సొంత పేరేంటో కూడా అడగలేదు."

కూతురు మెల్లగా లేచి కూర్చుంది.

"నాన్నా, ఆయన మనిషి కాదు."

"అవునమ్మా, దేవుడే."

"అలా కాదు నాన్నా. మెట్ల దగ్గర మంటలతో మాట్లాడాడు. నా చెవులతో విన్నాను."

"ఏమని?"

ఆమె తండ్రి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"'ఒకప్పుడు మిమ్మల్నందర్నీ ఏలిన అగ్నిని నేను, ఈ పిల్ల తల్లిని పొట్టన పెట్టుకున్నాక తట్టుకోలేక మనిషినయ్యాను, నన్ను తీసుకుని దీన్ని వదిలేయండి' అని వాటి ముందు మోకరిల్లాడు నాన్నా."