తాంబూలం పండని నోరు

ఆ వీధిలో పెద్దవాళ్ళందరివీ ఇప్పుడు తమంతట తామే శుభ్రపడే కట్టుడుపళ్ళు. రాత్రిళ్ళు తీసి నీళ్ళలో వేసే పనిలేదు. పళ్ళు నానేసుకునే పాత గ్లాసులో భ్రమరాంబ కొత్తిమీర కాడలు పెట్టుకుంటోంది.

అంతా సుఖమే గానీ, తాంబూలం ముచ్చటే లేకుండా పోయింది. పెళ్ళయిన కొత్తలోనుంచీ, మధ్యాహ్నం ఆమె వంటింట్లో గిన్నెలు తోముకుని వచ్చేసరికి భర్త పానకాలరావు రెండు తమలపాకు చిలకలు చుట్టి ఉంచేవాడు. నమిలాక ఒకరి నోరు ఒకరు చూసుకునేవారు. ఎవరి నోరు బాగా పండితే వాళ్ళమీద రెండోవాళ్ళకు అంత ప్రేమ. ఏనాడు చూసినా ఆమె నోరే ఎర్రగా పండేది. ఆ మురిపెంతోనే ఇన్నేళ్ళూ గడిచాయి. ఈ పళ్ళు వచ్చాక ఎంత నమిలినా క్షణంలో తెల్లబడిపోతున్నాయి. ఇద్దరూ ఆకు మానేశారు.

ఇవాళ పానకాలరావు మళ్ళీ ఆకులపెట్టె తెరిచాడు.

“ఎందుకండీ దండగ, పండి చస్తేగా,” అంది భ్రమరాంబ.

“నాలుక ఉందిగా. దాన్నింకా ఎవరూ మార్చలేదు,” అన్నాడాయన.

ఇప్పుడు గిన్నెలూ ఆ పళ్ళ రకమే, తోమే పనిలేదు. అందుకని ఆమె మొదటిసారి ఆయన ఎదురుగానే కూర్చుంది. ఆయన ఒక ఆకుమీద, నోరు ఎర్రగా పండించే కాచు చిటికెడు వేశాడు. రెండో ఆకుమీద, చూపు ఎక్కడో పెట్టి, అలవాటైన చేత్తో రెండు చిటికెలు వేశాడు. చుట్టి, దాన్నే ఆమెకు అందించాడు.

భ్రమరాంబ తీసుకోలేదు. పెట్టె తనవైపు లాక్కుంది.

“ఆగండి. ఇవాళ మీ ఆకు నేను చుడతా.”