మూగబోయిన నాలుగు నిమిషాలు

"మీ సినిమాకి నాలుగు నిమిషాలు మాట పడిపోయిందట?"

గుమ్మంలో ఒక ముసలావిడ. చేతిలో మడతపెట్టిన పేపరు. తామిచ్చిన ప్రకటన చూసే వచ్చిందని షఫక్‌కి అర్థమైంది.

లాహోర్‌లో పాత సినిమా రీళ్లు బాగుచేసే ఆ గదిలో పనిచేసేది ఇద్దరే, షఫక్, వకాస్. దాదాపు అరవై ఏళ్ల నాటి ఆ సినిమాకి మిగిలింది ఒక్క ప్రింటు. చివరి రీల్లో బొమ్మ బతికింది కానీ శబ్దం పోయింది. స్క్రిప్టు లేదు. తీసినవాళ్లలో ఒక్కరి ఆచూకీ కూడా తెలియలేదు. మాటలు గుర్తున్నవాళ్లు రండని ప్రకటన ఇస్తే పదకొండు మంది వచ్చారు. అందరికీ పాటలే గుర్తున్నాయి.

"ఎన్నిసార్లు చూశారు ఖాలా?" పిన్నిని పిలిచినట్టు అడిగాడు వకాస్.

"ఒక్కసారీ చూళ్లేదు. అది విడుదలైన వారమే నా పెళ్లి."

వకాస్ పెదవి విరిచాడు. "మరి మాటలెలా చెబుతారు?"

"తీసేటప్పుడు అక్కడే ఉన్నాను. హీరోయిన్ బట్టలు కుట్టేదాన్ని. ముందు బొమ్మ వెయ్యి నాయనా."

వేశాడు.

తెరమీద ఒక స్త్రీ భర్త ఇల్లు వదిలి వెళ్లిపోతోంది. ముసలావిడ మాట్లాడటం మొదలుపెట్టింది. ఆమె మాట, అతని మాట, రెండూ తనే. పెదవులకీ మాటకీ వెంట్రుకంత తేడా లేదు.

"హీరో గొంతు కూడా మీదేనా ఖాలా?" నవ్వాడు వకాస్.

"వాడి గొంతు కంటే నయమే. ఆ వేళంతా వాడికి జలుబు."

తెరమీద భర్త ఏదో అడిగాడు.

"బయట నీకెవరున్నారు?" అంది ముసలావిడ.

హీరోయిన్ వీపు తిప్పింది. పెదవులు కనబడవు.

"బయటా ఎవరూ లేరు, లోపలా ఎవరూ లేరు. బయట గాలైనా ఉంది."

షఫక్ రాస్తున్న కలం ఆగిపోయింది.

రీలు అయిపోయింది. వకాస్ లైటు వేశాడు.

"మీ రుణం ఎలా తీర్చుకోవాలి ఖాలా?" అంది షఫక్.

"ఇంకోసారి వేస్తావా తల్లీ?"

ఈసారి ఆవిడ ఏమీ అనలేదు. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కళ్లార్పకుండా చూసింది. లేచి వెళ్లేటప్పుడు ఇద్దరి తలలమీదా చెయ్యి వేసింది.

"పోయిందనుకున్నదాన్ని మళ్లీ చూపించారు. అల్లా మిమ్మల్ని చల్లగా చూడాలి."

పేరు సర్వరీ బేగం అనీ, ఇల్లు మొజంగ్ పేటలో అనీ చెప్పి, ఆటో ఎక్కి వెళ్లిపోయింది.

ఆ నాలుగు నిమిషాలకీ కొత్తగా గొంతులు పెట్టించారు. మూడు నెలలకి సినిమా హాల్లో ఆడింది. 'బయట గాలైనా ఉంది' అన్న మాటకి జనం లేచి నిలబడ్డారు. చివర్లో తెరమీద పడింది: 'కృతజ్ఞతలు: దుస్తులు కుట్టిన సర్వరీ బేగం గారికి.'

ఆహ్వానం పంపినా ఆవిడ రాలేదు.

మర్నాడు మిఠాయి డబ్బా పట్టుకుని షఫక్ మొజంగ్ వెళ్లింది. చేతికర్ర ఊతంతో ఒక వృద్ధుడు తలుపు తీశాడు.

"సర్వరీ బేగం గారున్నారా? ఆ పాత సినిమా బాగుచేసింది మేమే."

"మా అక్క పోయిన శుక్రవారం అల్లా దగ్గరికి వెళ్లిపోయిందమ్మా. కబురు చేద్దామంటే మీ ఆహ్వానం మీద నంబరు లేదు."

షఫక్ మిఠాయి డబ్బా గుమ్మం మీద పెట్టి, పక్కనే కూర్చుంది.

"ఆవిడ లేకపోతే ఆ సినిమా లేదండీ. నోరారా కృతజ్ఞత కూడా చెప్పుకోలేకపోయాను. తెరమీద మాత్రం పేరు వేశాం."

"వేశారా? ఏమని?"

"హీరోయిన్ దుస్తులు కుట్టారని."

వృద్ధుడి కళ్లు తడిశాయి. "దేనికైనా కానీ, పేరంటూ వేశారు. నూరేళ్లు బతకమ్మా. నేనైతే అదీ చెయ్యలేదు."

"తమరు?"

"హమీదుల్లా."

షఫక్ చప్పున లేచి నిలబడింది. ఐదు గొప్ప సినిమాలు రాసి, ఉన్నట్టుండి కలం మూసేసిన మనిషి. ఆ ఐదింటిలో ఆఖరిది ఈ సినిమాయే.

"సార్! ఈ సినిమా తర్వాత మీరు ఇంకేమీ ఎందుకు రాయలేదు?"

ఆయన లోపల ఖాళీగా ఉన్న మంచం వైపు చూశాడు.

"అక్కకి పెళ్లయి వెళ్లిపోయింది తల్లీ... ఆడపిల్ల సినిమాలు రాస్తే నలుగురూ ఏమంటారోనని కుట్టుపని వంకతో స్టూడియోకి తీసుకెళ్లేవాణ్ణి. ఐదింటికీ మాటలన్నీ ఆవిడే రాసింది, నేను కింద సంతకం పెట్టేవాణ్ణి."