ఎడమ ముడి

కట్టు విప్పగానే మామిడి కొమ్మ సామ్రాజ్యం చేతిలోకి ఊడి వచ్చింది.

అసలు అతుకే లేదు. టెంక నాటి పెంచిన మామూలు మొక్కకి ఎండుపుల్ల ఆనించి, ప్లాస్టిక్ పట్టీ చుట్టారు.

రెండో మొక్క విప్పింది. అదీ అంతే.

మూడోదీ అంతే.

'ఏడాదికి మూడు కాపులు' అని ఫోన్‌లో ప్రకటన చూసి తెప్పించిన అంటుమొక్కలు. మూడు నెలలదాకా కట్టు విప్పొద్దని చీటీ కూడా పెట్టారు. ఇప్పుడు ప్రకటనలోని నంబరు పనిచెయ్యడం లేదు.

తన మొక్కలే అయితే పీకి పారేసి ఊరుకునేది. తను రిటైరైన టీచరు; టీచరమ్మ చెప్పిందని చర్చి సంఘంలో మరో పద్దెనిమిది ఇళ్లవాళ్లు తెప్పించుకున్నారు.

రేపు ఆదివారం. అందరూ అక్కడే ఉంటారు. టీచరమ్మ కమిషన్ తిన్నదనడానికి ఒక్క నోరు చాలు.

"అమ్మా."

గేటు బయట ముసలాయన. భుజాన తడి గోతం.

"ఎవరండీ?"

"అంతోనయ్యనమ్మా. మాది వినగడప. మొక్కలకి అంట్లు కడతాను. ఫోన్‌లో తెప్పించిన మామిడి మొక్కలు మీ ఇంట్లో ఉన్నాయంటగా, ఒకసారి చూడనిస్తారా?"

"మీకెవరు చెప్పారు?"

ఆయన గోతాన్ని రెండో భుజానికి మార్చుకున్నాడు. అయినా ఆమె గేటు తీసింది.

ఆయన మొక్క దగ్గర కూర్చుని, గోటితో బెరడు గీరి చూశాడు.

"వేరు బతికే ఉందమ్మా. మంచి కొమ్మ పెడితే అతుకుద్ది. అందరివీ కట్టిస్తాను. నాకేం ఇవ్వొద్దు."

గోతంలోంచి పచ్చి కొమ్మ తీశాడు. కత్తితో ఏటవాలుగా చెక్కి, మొక్కలోకి దించి, పట్టీ చుట్టి ముడి వేశాడు. ఎడమవైపు తిప్పి రెండు చుట్లు, కొస లోపలికి మడత.

సామ్రాజ్యం ఆ ముడినే చూసింది. తరవాత, ఇంకా విప్పని నాలుగో మొక్క వంక చూసింది.

ఎడమవైపు రెండు చుట్లు. కొస లోపలికి మడత.

పక్కింటి గోడ దగ్గరికి వెళ్లి, ఎరువుల కొట్టు శ్రీరాములుని పిలిచింది.

ఆయన వచ్చి రెండు ముళ్లూ చూశాడు.

"ఏం పెద్దాయనా, అంటు కట్టడానికొచ్చావా, మళ్లీ అంటగట్టడానికొచ్చావా?"

అంతోనయ్య కత్తి తుడుచుకున్నాడు.

"ఈ ముడి ఎవరిది?" సామ్రాజ్యం అడిగింది.

ఆయన నాలుగో మొక్క దగ్గరికి జరిగి, ఆ ముడిని వేలితో తడిమాడు. చాలాసేపు తడిమాడు.

"నాదేనమ్మా."

"అంటే అమ్మింది మీరేనా?"

"ముడి నాదే."

ఆయన్ని మోటారు గదిలోకి పంపారు. సామ్రాజ్యమే గడియ పెట్టింది. శ్రీరాములు కిటికీ ఊచల్లోంచి ఫోటో తీసి, 'మామిడి మొక్కల దొంగ దొరికాడు' అని ఊరి గ్రూపుల్లో పెట్టాడు. పోలీసులకి ఫోన్ చేశాడు.

రేకుల గది. కొంచెంసేపటికి లోపలినుంచి గొంతు వినిపించింది.

"అమ్మా, ఆ గోతం కాస్త నీడలో పెట్టండి. కొమ్మలు ఎండితే అతకవు."

"ముందు నీ సంగతి చూసుకో," అన్నాడు శ్రీరాములు.

గోతం ఎండలో ఉంది. సామ్రాజ్యం దాన్ని చూసింది. కదల్లేదు.

"అమ్మా, గోతం."

మూడోసారి గొంతు రాలేదు.

జీపు వచ్చేసరికి రెండయింది. అంతోనయ్య తనే నడిచొచ్చి ఎక్కాడు. ఎక్కేముందు గోతం వంక మాత్రం ఒకసారి చూశాడు.

శ్రీరాములు కొట్టుకి వెళ్లిపోయాడు.

సామ్రాజ్యం గోతం విప్పింది. లోపల కొమ్మల కట్టలు. ఒక్కో కట్టకి ఒక చీటీ, చీటీ మీద పేరు. మేరమ్మ. చిట్టెమ్మ. గ్లోరి. అన్నీ సంఘంలోవాళ్ల పేర్లే. పద్దెనిమిది కట్టలు. పందొమ్మిదోదాని మీద తన పేరు.

కొమ్మల బెరడు ముడతలు పడిపోయింది. ఇక ఏ మొక్కకీ పనికిరావు.

దొంగయితే ఇవన్నీ ఎందుకు మోసుకొస్తాడు?

గేటు ముందు బైకు ఆగింది. పాతికేళ్ల కుర్రాడు. చెప్పులు లేవు. చేతిలో ఫోన్, ఫోన్‌లో ఊచల వెనక అంతోనయ్య.

"మేడం, ఈయన ఎక్కడున్నాడండీ?"

"స్టేషన్‌కి తీసుకెళ్లారు. నువ్వెవరు బాబూ?"

"ఐజాక్ అండి. తనే చేశానని చెప్పాడా?"

"ముడి తనదేనన్నాడు. అమ్మిన మొక్కలకీ అదే ముడి. రెండు పేపర్లలో ఒకే తప్పుంటే కాపీ కొట్టినట్టే. ముప్ఫై ఏళ్లు పిల్లల్ని అలాగే పట్టుకున్నాను."

అని ఆగిపోయింది.

అలా పట్టుకున్న ప్రతిసారీ అడిగే ప్రశ్న ఒకటుంది. ఎవర్ని చూసి ఎవరు రాశారు? ఇవాళ అది అడగలేదు.

ఐజాక్ కట్టల ముందు కూలబడ్డాడు. ఒక్కో చీటీ చదివాడు.

"ఇవి నా పార్సిల్ పుస్తకంలో పేర్లండి. పొద్దున లేచేసరికి మా ఇంటి ముందు రసాల మామిడి చెట్టు బోడిగా ఉంది. ఎవరు నరికారో అనుకున్నాను."

సామ్రాజ్యం తన పేరున్న కట్టని నీడలోకి జరిపింది.

"కాపీ కొట్టింది నేనండి," అన్నాడు. "మా నాన్న దగ్గర ముడి నేర్చుకున్నాను, అతికించడం నేర్చుకోలేదు."