రెండంగుళాల చెక్క

“ఇంకా దిగు. గుడ్డు పెట్టబోయే కోడి చూడు, ఎంత సులువుగా కూర్చుంటుందో,” అంది వదిన.

మేస్త్రీ పళ్ళు కొరికాడు. మడమల కింద రెండంగుళాల చెక్క. కుడి మడమ పచ్చిపుండులా సలుపుతోంది.

“కోడి సంగతి నీకే తెలియాలి. పొద్దస్తమానం కొక్కొక్కో అని అరిచేది నువ్వేగా!”

“అరవకపోతే నువ్వు దిగవు. దిగకపోతే పని ఉండదు. నీ ఇష్టం.”

అదీ నిజమే. పరంజా మీంచి పడి మడమ విరిగింది. కట్టు విప్పేసరికి కాలు కర్రలా బిగుసుకుపోయింది. టైల్స్ పరిచేవాడికి గొంతుక్కూర్చోవడం రాకపోతే చేతులున్నా లేనట్టే. కాంట్రాక్టరు తెగేసి చెప్పాడు: “ఎనిమిది వారాలు చూస్తా. వచ్చి నా ముందు పది నిమిషాలు కదలకుండా కూర్చో. లేదంటే నీ చోటు అడిగేవాళ్ళున్నారు.”

ఆసుపత్రిలో అతను కట్టు విప్పించుకుంటుంటే, కసరత్తు సంగతులన్నీ విని వచ్చింది వదినే. అన్న ఇంట్లో తింటున్నందుకు ఆమె తిట్లు కూడా కలిపి మింగుతున్నాడు.

ఇద్దరికీ ముందునుంచీ ఉప్పూ నిప్పూ. అదే సైటులో ఆమె టైల్స్ మోస్తుంది. ఒకసారి ముచ్చటపడి, టైల్స్ వాలు చూసే రసమట్టం చేతిలోకి తీసుకుంటే, అతను అందరి ముందూ లాక్కున్నాడు.

“మోసేవాళ్ళు మోయాలి, పరిచేవాళ్ళు పరవాలి. దీనికి బుర్ర కావాలి వదినా!”

సైటంతా నవ్వింది. వదిన నవ్వలేదు.

రోజూ పొద్దున్నే అరగంట. గుమ్మం పట్టుకుంటే గరిటెతో వేళ్ళ మీద ఒక్కటిచ్చేది. అతను చెక్క మీద. “ఇలాగ! చూసి ఏడువు,” అంటూ పక్కనే వట్టి గచ్చు మీద ఆమె.

“ఈ చెక్క ఇంకెన్నాళ్ళు?”

“డాక్టరువి నువ్వా? నోరు మూసుకుని కూర్చో.”

ఎనిమిదో వారానికి పది కాదు, పదిహేను నిమిషాలు కూర్చున్నాడు.

“నా చోట్లో నన్ను పడనీ. ముందు నిన్ను వేరే సైటుకి తోలిస్తా,” అన్నాడు లేస్తూ.

“ముందు పడు, చూద్దాం.”

సోమవారం సైటులో కాంట్రాక్టరు గడియారం చూసుకున్నాడు. మేస్త్రీ ధీమాగా కిందికి దిగాడు. సగంలోనే మడమలు లేచాయి. ఆన్చబోయాడు. వెనక్కి చతికిలబడ్డాడు. మళ్ళీ దిగాడు. మళ్ళీ పడ్డాడు.

“మడమల కింద చెక్క ఉంటే కూర్చుంటానండీ! ఇంట్లో పదిహేను నిమిషాలు...”

“చెక్క పెడితే మా అమ్మమ్మ కూడా కూర్చుంటుంది. మా నాన్నకి కాలు విరిగితే ఆసుపత్రివాళ్ళు ఆ చెక్క వారానికే తీయించారు. నీకెవరూ చెప్పలేదా?” కాంట్రాక్టరు విసుగ్గా అటు తిరిగాడు. “ఈ చోటు అడిగిన రెండో మనిషిని రమ్మనండి.”

వదిన నెత్తి మీది టైల్స్ దించి, చేతులు దులుపుకుని, అతని పక్కనే వట్టి గచ్చు మీద మడమలు ఆన్చి కూర్చుంది, ఎనిమిది వారాలుగా రోజూ కూర్చున్నట్టే.